తుపాకీ మొరాయిస్తే మెమో కానిస్టేబుల్‌కేనా?

సంపాదకుడికి,

అయ్యా,

పోలీసు ఫైరింగ్ ప్రాక్టీసులో ఎస్‌ఎల్‌ఆర్ (తనంతట తానే లోడయ్యే రైఫిల్) మధ్యలో ఆగిపోతే ముందుగా వినిపించే మాట ‘క్లీనింగ్ సరిగ్గా చెయ్యలేదు’. మెమో కానిస్టేబుల్‌కి, తుపాకీ మళ్లీ బెల్ ఆఫ్ ఆర్మ్స్‌కి, అంటే ఆయుధాల గదికి. ఎందుకు ఆగిందో రాసిపెట్టే నాథుడుండడు. ఉద్యోగమంతా ఆయుధాల మరమ్మతులోనే గడిచింది కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

2019 ఆగస్టులో బిహార్ మాజీ ముఖ్యమంత్రి జగన్నాథ్ మిశ్రాకు సుపౌల్ జిల్లాలో అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. గౌరవ వందనానికి ఎత్తిన 22 తుపాకుల్లో ఒక్కటీ పేలలేదు. ముఖ్యమంత్రి నీతీశ్ కుమార్ అక్కడే ఉన్నారు. ఆ వీడియో చూసి జనం నవ్వుకున్నారు. ఒకటో రెండో మొరాయిస్తే మనిషినో తుపాకీనో అనుమానించొచ్చు. 22కి 22 పేలకపోతే మాత్రం ముందు చూడాల్సింది తూటాల పెట్టెని, ఆ పెట్టె ఉంచిన గదిని.

ఎస్‌ఎల్‌ఆర్ విషయంలో ఇంత ఊహ కూడా అక్కర్లేదు. రౌండ్ (తూటా) పేలగానే బ్యారెల్ (గొట్టం)లోంచి కొంత గ్యాస్ పైకొచ్చి పిస్టన్‌ని వెనక్కి తంతుంది. ఆ ఊపుకే ఖాళీ కేస్ (తూటా తొడుగు) బయటికి పోతుంది, బ్రీచ్ బ్లాక్ (బ్యారెల్ వెనక భాగాన్ని మూసే దిమ్మ) తిరిగి ముందుకొస్తూ మ్యాగజైన్ (తూటాల డబ్బా)లోని పై రౌండ్‌ని చాంబర్‌ (తూటా కూర్చునే చోటు)లోకి తోస్తుంది. ఎక్కడ తేడా వచ్చిందో ఇరుక్కున్న కేసే చెప్పేస్తుంది. కేస్ బయటికి దూకకుండా, అది పోవాల్సిన సందులోనే నిటారుగా నిలబడిందంటే చాలావరకు గ్యాస్ చాలడం లేదని అర్థం. పిస్టన్ మీద మసి తుడిచి, గ్యాస్ మోతాదు మార్చే రెగ్యులేటర్ ఒకటి రెండు గీతలు సర్దితే దారికొస్తుంది. కేస్ చాంబర్‌లోనే ఉండిపోతే దాని అంచు చూడాలి. కొరికినట్టు చిరిగి ఉంటే చాంబర్ మురికిపట్టినట్టు, అంచు చెక్కుచెదరకపోతే కేస్‌ని బయటికి లాగే కొక్కెం (ఎక్స్‌ట్రాక్టర్) పట్టు తప్పినట్టు.

కొత్త రౌండ్ ముక్కు చాంబర్ కింది అంచుకి గుద్దుకుని ఆగిందా, అప్పుడు మొదటి అనుమానం మ్యాగజైన్ మీదే. నేను చూసిన వాటిలో ఈ రకమే ఎక్కువ. రేకు డబ్బానే కదా అని దాన్నెవరూ పట్టించుకోరు. వ్యాన్ ఎక్కేటప్పుడు తలుపుకి తగిలినా పైన రౌండ్‌ని పట్టి ఉంచే పెదవి ఒక పక్కకి వంగుతుంది. చూపుకి ఆనదు. డమ్మీ (పేలని) రౌండ్ పెట్టి బొటనవేలితో నొక్కితే ఒక పక్క బిగువు, ఇంకో పక్క వదులు తెలుస్తాయి. పైగా చాలాచోట్ల మ్యాగజైన్లకి నంబర్లుండవు. ఇవాళ మొరాయించింది రేపు ఇంకొకరి చేతికి పోతుంది. తుపాకీని వర్క్‌షాప్‌కి పంపితే అక్కడ మంచి మ్యాగజైన్ పెట్టి కాలుస్తారు, శుభ్రంగా కాలుతుంది, ‘లోపమేమీ లేదు’ అని రాసి వెనక్కి పంపుతారు. కానిస్టేబుల్ మీద పడ్డ మచ్చ అలాగే ఉంటుంది.

గార్డు డ్యూటీలో ఇంకో తంటా. మనిషి మారినప్పుడల్లా రౌండ్లు బయటికి తీసి లెక్కపెట్టి మళ్లీ నింపుతారు. లెక్క తప్పదు, నిజమే. కానీ అవే రౌండ్లు ఏళ్ల తరబడి చేతులు మారి, చెమటకి నల్లబడి, సొట్టలు పడతాయి. అవసరం పడిన రోజున చాంబర్‌లోకి పోవాల్సింది ఆ రౌండ్లే! నూనె సంగతీ అంతే. ఇన్‌స్పెక్షన్‌లో మెరవాలని పులిమేస్తారు. మా రాయలసీమ దుమ్ములో ఆ నూనె గంటలో ముద్దవుతుంది.

తప్పు సిపాయి మీదికి నెట్టడం మన దగ్గరే పుట్టలేదు. వియత్నాంలో అమెరికా సైనికుల ఎం-16 రైఫిళ్లు జామ్ అవుతుంటే మొదట వాళ్ల క్లీనింగ్‌నే తప్పుపట్టారు. 1967లో రిచర్డ్ ఇచోర్డ్ నేతృత్వంలోని అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం విచారించాక తూటాలో మందు రకం మార్చిన సంగతీ, క్లీనింగ్ సామాను, శిక్షణ సరిగ్గా అందని సంగతీ బయటికొచ్చాయి. చాంబర్‌కి క్రోమ్ పూత కూడా వేశారు. విచారణ జరిగింది కాబట్టే ఆ సంగతులు జనానికి తెలిశాయి.

నేనడిగేది అంత పెద్ద విచారణ కాదు. ప్రతి మ్యాగజైన్‌కీ పెయింటుతో నంబరు వెయ్యాలి. ఫైరింగ్ రేంజ్‌లో ఒక రిజిస్టరు పెట్టి, ఏ తుపాకీ ఏ మ్యాగజైన్‌తో ఎలా ఆగిందో, కేస్ ఎలా ఉందో అక్కడే రాయించాలి. రెండుసార్లు పేరెక్కిన మ్యాగజైన్‌ని పక్కన పడెయ్యాలి. గార్డు రౌండ్లని ఏటా ప్రాక్టీసులో కాల్చేసి కొత్తవి ఇవ్వాలి. ఈ రిజిస్టరు చూడకుండా ఎవరికీ మెమో ఇవ్వకూడదు. ఎస్‌ఎల్‌ఆర్ బదులు రేపు ఏ కొత్త ఆయుధం కొన్నా, మ్యాగజైన్లకీ స్ప్రింగులకీ బడ్జెట్‌లో విడిగా పద్దు చూపించాలని ఉన్నతాధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్మరర్,
కర్నూలు