ఇంటిపేరు పట్టుకుని వంశం చెప్పేస్తే ఎలా అండీ

సంపాదకుల వారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో ఇంటిపేర్ల మీద వేసిన వ్యాసం చదివాను, బానే ఉంది, అందులో సగం పేర్లు మా చుట్టాలవే. కానీ చివర్లో, ఇంటిపేరు అర్థం తెలిస్తే మూలపురుషుడు ఏం చేసేవాడో తెలిసిపోతుంది అని రాసేశారు చూడండి, అక్కడ మాత్రం నాకు మింగుడు పడలేదు. అలా తెలిసిపోయేదైతే విశాఖ వైపు ఉన్న సన్యాసిరావులందరూ కాషాయం కట్టాలి, నాకు తెలిసిన సన్యాసిరావుకి నలుగురు పిల్లలు, ఏడుగురు మనవలు. అది ఇంటిపేరు కాదు కదా అంటారేమో, ఇంటిపేరుకి కూడా ఇదే గొడవ, ఈ మధ్య ఒక పేరు వెనకాల పడి నాలుగు నెలలు తిరిగాను కాబట్టి చెప్తున్నా.

మా చెల్లెలి కొడుకు కెన్యాలో మొంబాసాలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడు ఒకరోజు వాట్సాప్‌లో ఒక గంట ఫోటో పెట్టి, మావయ్యా, ఈ చోటుని కెంగెలేని అంటారు, స్వాహిలీలో కెంగెలే అంటే గంట, ఏరియా పేరేమో ఫ్రెరె టౌన్ అంట, ఎవడు మావయ్యా ఈ ఫ్రెరె అని అడిగాడు. రిటైరైన మనిషికి అంతకంటే ఏం కావాలి, దొరికింది పని అనుకున్నాను.

ముందు పలకడమే తప్పు మనం. అక్షరాలు చూస్తే ఫ్రెరె అనిపిస్తుంది, మన పేపర్లలో ఫ్రేరే అనీ ఫ్రేర్ అనీ చూశాను, ఆ కుటుంబం వాళ్లు పలికేది ఫ్రియర్ అని. ఇంగ్లండులో కూడా అరుదైన ఇంటిపేరే. మాట మాత్రం చాలా పాతది, ఫ్రేటర్ అనే లాటిన్ మాట, అంటే తోడబుట్టినవాడు, అది ఫ్రెంచిలోకి వచ్చేసరికి ఫ్రేర్ అయింది, నార్మన్లతో పాటు సముద్రం దాటి ఇంగ్లీషులో చేరింది. అక్కడ అది చర్చి వాళ్ల మాట అయిపోయింది, ఎందుకంటే 1221లో డొమినికన్లు, 1224లో ఫ్రాన్సిస్కన్లు అనే క్రైస్తవ సన్యాసులు ఇంగ్లండులో దిగారు, ఈ రెండోవాళ్లు డోవర్ దగ్గర దిగినప్పుడు మొత్తం కలిపి తొమ్మిది మంది. వీళ్లు మఠాల్లో కూర్చుని మాన్యాలు అనుభవించే రకం కాదు, ఊరూరా తిరిగి అడుక్కుని ప్రసంగాలు చేసుకునే రకం, ఒకళ్లనొకళ్లు బ్రదర్ అనుకునేవాళ్లు కాబట్టి జనం కూడా వాళ్లని ఫ్రెరెలు అన్నారు. 14వ శతాబ్దం చివర చాసర్ అనే ఇంగ్లీషు కవి తన కాంటర్‌బరీ కథల్లో ఇలాంటి సన్యాసిని ఒకణ్ణి పెట్టాడు, స్పెల్లింగ్ కూడా ఇదే, వాడికి ప్రతి ఊళ్లో సత్రాలన్నీ తెలుసు, కుష్ఠు రోగుల కంటే కల్లు పోసేవాళ్లతోనే చనువు ఎక్కువ. తర్వాత్తర్వాత ఇంగ్లీషులో ఆ మాట ఫ్రైయర్ అయిపోయింది, ముళ్లకంపకి వాళ్లనే బ్రెరె అనే మాట బ్రైయర్ అయినట్టు. మాట మారిపోయింది గానీ కొన్ని ఇళ్ల పేరులో మాత్రం ఆ పాత స్పెల్లింగే గట్టిపడిపోయి అలాగే ఉండిపోయింది.

ఇక్కడే అసలు చిక్కు. ఫ్రెరె అయినవాడు బ్రహ్మచర్యం పాటిస్తానని ప్రమాణం చేసినవాడు, పెళ్లి లేదు పిల్లలు లేరు, మరి ఆ పేరుతో వంశం ఎలా నడుస్తుందండీ? మీ వ్యాసం లెక్కన అయితే ఫ్రియర్ వంశం వాళ్లందరూ ఒక దొంగ సన్యాసి సంతానం అవ్వాలి. అలా ఎక్కడన్నా ఒకచోట జరిగిందేమో గానీ పేరు పుట్టడానికి మామూలు దారులు వేరే ఉన్నాయి, అతి భక్తి చూపించేవాణ్ణి చూసి పక్కింటివాళ్లు వెటకారంగా అని ఉండొచ్చు, సన్యాసుల మఠంలో వంట పనో తోట పనో చేసేవాడికి ఆ పేరు తగులుకుని ఉండొచ్చు. బిషప్, పోప్, మాంక్, ప్రయర్, ఇవన్నీ ఇంగ్లీషువాళ్ల ఇంటిపేర్లే, పోప్ గారి మనవలు ఇన్ని వేలమంది ఉన్నారంటే ఎవరన్నా నమ్ముతారా. నేననేది ఒకటే, ఇంటిపేరు మనం ఎవరమో చెప్పదు, ఒకప్పుడు పక్కవాడు మనల్ని ఏమని పిలిచాడో చెప్తుంది, అది కూడా వాడి మూడ్ బాగుంటే ఒకలా లేకపోతే ఇంకోలా.

మరి వంశం ఎలా వెతకాలి అంటే ఒక్కొక్క మనిషినీ పట్టుకుని వెనక్కి వెళ్లాలి, కొడుకు నుంచి తండ్రికి, తండ్రి నుంచి తాతకి, ప్రతి మెట్టుకీ కాగితం ఉండాలి. ఇంగ్లండులో దీనికి 1538 ఒక పెద్ద గోడ లాంటిది. ఆ సంవత్సరం రాజుగారి మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి చర్చిలో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు రాసే పుస్తకం ఒకటి పెట్టాలని ఆర్డర్ వేశాడు. అదే సంవత్సరం అదే క్రామ్‌వెల్ మనుషులు ఫ్రెరెల మఠాలు దాదాపు అన్నీ మూయించేశారు! అంటే అసలు ఫ్రెరెలు వీధిలో పడిన ఏడాదే ఫ్రెరె ఇంటిపేరు ఉన్న సంసారులు రిజిస్టర్లోకి ఎక్కడం మొదలైంది, నాకు ఇది చదివి ఆ రాత్రి నిద్ర పట్టలేదు, మా ఆవిడకి చెప్తే సరే పడుకోండి అంది. అంతకు ముందుకి వెళ్లాలంటే పన్నుల జాబితాలు, వీలునామాలు, జమీ కోర్టు కాగితాలే దిక్కు. 1377లో 14 ఏళ్లు దాటిన ప్రతి మనిషి మీదా తలకి 4 పెన్నీల పన్ను వేశారు, ఆ లిస్టుల్లో పేర్లున్నాయి గానీ ఈ జాను ఆ జానుకి తండ్రి అని చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

మనకి కావలసిన ఫ్రియర్లు ఇంగ్లండు తూర్పున నార్‌ఫోక్, సఫోక్ వైపు భూములున్నవాళ్లు. వాళ్లలో జాన్ ఫ్రియర్ అనే ఆయన 1797లో, మనం పేపర్‌కి రాసినట్టే, లండన్‌లో పురాతన వస్తువుల సంఘానికి ఒక ఉత్తరం రాశాడు, హాక్సన్ అనే ఊళ్లో ఇటుకల కోసం మట్టి తవ్వుతుంటే 12 అడుగుల లోతులో చెక్కిన చెకుముకి రాళ్లు దొరికాయి, ఇవి లోహం తెలియని మనుషుల ఆయుధాలు, వీటి కాలం మనం ఊహించే దానికంటే చాలా వెనక అని. 1800లో అచ్చు వేశారు, ఎవరూ పట్టించుకోలేదు, అరవై ఏళ్లు అలా పడుంది. 1859లో మళ్లీ బయటికి తీశారు. ఆ వేడిలోనే 1863లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త మద్రాసు పక్కన పల్లవరంలో రాతి గొడ్డలి పట్టుకున్నాడు, తర్వాత మన అప్పటి కర్నూలు జిల్లా బేతంచర్ల దగ్గర బిళ్ల సర్గం గుహలు కూడా తవ్వించాడు. ఎడిటర్లు పక్కన పడేసే ఉత్తరాలన్నీ పనికిరానివి కావండీ, ఊరికే అంటున్నా.

ఈ జాన్ గారి మనవడే బార్టల్ ఫ్రియర్, మా వాడడిగిన మనిషి. 1862 నుంచి 67 దాకా బొంబాయి గవర్నరు, అక్కడి ఫ్లోరా ఫౌంటెన్‌కి ముందు ఈయన పేరే పెడదామనుకున్నారు, కరాచీలో ఫ్రియర్ హాల్ ఇప్పటికీ ఉంది. 1872లో బ్రిటిష్ ప్రభుత్వం ఈయన్ని తూర్పు ఆఫ్రికా తీరంలో ఉన్న జాంజిబార్ ద్వీపానికి పంపించింది, బానిసల వ్యాపారం ఆపమని సుల్తాను బర్గాష్‌ని ఒప్పించడానికి, ఆయనుండగా సుల్తాను ఒప్పుకోలేదు, 1873 జూన్‌లో సంతకం పెట్టాడు. తర్వాత చర్చి మిషనరీ సొసైటీ వాళ్లు మొంబాసా ద్వీపానికి ఎదురుగా ఒడ్డున విడిపించిన బానిసల కోసం ఊరు కట్టి ఈయన పేరు పెట్టారు. ఆ గంట దేనికంటే బానిసల్ని ఎత్తుకుపోయేవాళ్లు వస్తున్నారని కొట్టడానికి. అసలు విశేషం ఆ ఊళ్లో ముందుగా చేరినవాళ్లు, వాళ్లని బొంబాయి ఆఫ్రికన్లు అనేవాళ్లు. సముద్రం మీద పడవల్లోంచి విడిపించిన పిల్లల్ని బొంబాయి తెచ్చి, నాసిక్ పక్కన శరణ్‌పూర్ మిషన్‌లో చదువు, వడ్రంగం, కమ్మరం నేర్పించి మళ్లీ ఆఫ్రికా పంపారు. ఆఫ్రికా అంతా తిరిగి అక్కడే పోయిన లివింగ్‌స్టన్ దొర శవంతో పాటు ఇంగ్లండు దాకా వెళ్లిన జేకబ్ వెయిన్‌రైట్ ఇలా నాసిక్‌లో పెరిగినవాడే. వెయిన్‌రైట్ అంటే ఇంగ్లీషులో బండ్లు చేసేవాడు, ఆ పిల్లాడి తాత ఆఫ్రికాలో బండ్లు చేశాడని ఇప్పుడు మీ వ్యాసం రాసినాయన చెప్పాలి మరి.

బార్టల్ గారికి ఆ ఊరి వల్ల మంచి పేరొచ్చింది గానీ నాలుగేళ్లకే పోగొట్టుకున్నాడు. 1877లో దక్షిణాఫ్రికాకి హైకమిషనర్‌గా వెళ్లి, లండన్ నుంచి ఇప్పుడు యుద్ధం వద్దు అంటున్నా వినకుండా, 1878 డిసెంబర్ 11న జులూ రాజు కెచ్వాయో మనుషుల్ని పిలిపించి సైన్యం రద్దు చెయ్యాలని అల్టిమేటం ఇప్పించాడు, వాళ్లు ఎలాగూ ఒప్పుకోరని తెలిసే. జనవరి 22న ఇసాండ్ల్వానా దగ్గర జులూలు బ్రిటిష్ వైపు 1300 మందికి పైగా చంపేశారు, ఆఖరికి జులూ రాజ్యమూ పోయింది, 1880లో ఈయన్నీ వెనక్కి పిలిచేశారు. తోడబుట్టినవాడు అని ఇంటిపేరు పెట్టుకున్న మనిషి!

ఈయన కూతురు మేరీ ఫ్రియర్ 1868లో దక్కన్ కథల పుస్తకం వేసింది, కథలన్నీ ఇంట్లో ఆయా చెప్పినవే, ఆవిడ పేరు అనా లిబరేటా డి సౌజా. పేరు చూస్తే పోర్చుగీసు రక్తం అనుకుంటాం. ఆవిడే చెప్పుకుంది, వాళ్ల తాత వాళ్లు లింగాయతులట, గోవా వైపు వెళ్లి క్రైస్తవం తీసుకున్నారు. మా వీధిలో క్రైస్తవ కుటుంబాలు చాలా మటుకు పాత తెలుగు ఇంటిపేర్లే ఉంచుకున్నారు, మతం మారినా పేరు మారలేదు, అక్కడ మతంతో పాటు పేరూ మారింది, బయటనుంచి చూసేవాడికి రెండూ తెలీవు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తా. జాన్ ఫ్రియర్ వంశంలోనే, తల్లి వైపు నుంచి, మేరీ లీకీ పుట్టింది. టాంజానియాలో ఒల్డువాయి అనే చోట 1959లో లక్షల ఏళ్ల నాటి ఆదిమ మానవ జాతి పుర్రె దొరికించుకున్న ఆవిడే, అంతకు ముందు కెన్యాలో ఒలోర్గెసైలీ దగ్గర రాతి గొడ్డళ్లు గుట్టలుగా చూపించింది కూడా ఆవిడా వాళ్లాయనా. ముత్తాతల నాటి చెకుముకి గొడ్డలి మళ్లీ ఆఫ్రికాలో ఆ ఇంటి ఆడపిల్ల చేతికే వచ్చింది. కానీ ఆవిడ ఇంటిపేరు పుట్టినప్పుడు నికల్, పెళ్లయ్యాక లీకీ, ఇంటిపేరు ఒక్కటే పట్టుకుని వెతికేవాడికి ఆవిడ అసలు కనిపించనే కనిపించదు. సగం చరిత్ర అమ్మల వైపు ఉంటుంది, మన ఇంటిపేర్ల వ్యాసాల్లో ఆ సగం ఎప్పుడూ రాదు.

ఇదంతా మనకెందుకు అంటే దక్షిణాఫ్రికాలో డర్బన్‌లో ఉన్న మనవాళ్ల కోసం. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ నాటల్‌లో దిగింది, 1911 దాకా లక్షా యాభై వేలకి పైగా మనుషులు కూలీలుగా వెళ్లారు, అందులో తెలుగువాళ్లు బోలెడు మంది. అక్కడ నాయుడు అనేది నైడూ అయి చాలామందికి అదే ఇంటిపేరు అయిపోయింది, అసలు ఇంటిపేరు మూడు తరాల్లో మర్చిపోయారు. వాళ్ల మనవలు ఇప్పుడు ఆంధ్రాలో మా వాళ్లెవరు అని అడిగితే మనవాళ్లు నాయుడు అంటే ఫలానా వంశం అని పెద్ద కథ చెప్పేస్తున్నారు, పాపం నమ్మేస్తున్నారు కూడా. దయచేసి అలా చెప్పకండి. ఓడ లిస్టుల్లో ఒక్కొక్కరికీ నంబరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాసి ఉంటాయి, ముందు ఆ నంబరు కనుక్కోమనండి, తర్వాత ఊరు, తర్వాతే ఇంటిపేరు.

మా బందరు సంగతి కూడా రాయాలి లేకపోతే మావాళ్లు ఊరుకోరు. 1673లో ఈస్టిండియా కంపెనీ డాక్టరు ఒకాయన మచిలీపట్నంలో దిగి ఊరు గురించి రాసుకున్నాడు, పుస్తకం 1698లో వచ్చింది. ఆయన పేరు జాన్ ఫ్రైయర్, ఆ ఫ్రెరె మాటకే ఇంకో స్పెల్లింగు. బార్టల్ గారికి ఈయన చుట్టమా అని మా వాడు వెంటనే అడిగాడు. ఏమో, కాగితం లేకుండా నేను చెప్పను అన్నాను.

వచ్చే ఆదివారం ఆ వ్యాసానికి సవరణ వేస్తే సంతోషం. ఈ ఉత్తరం వేస్తే మాత్రం ఫ్రియర్ అనే వెయ్యండి, ఫ్రెరె అని వెయ్యకండి.

ఇట్లు,
పాత పాఠకుడు, మచిలీపట్నం