రాత్రిపూట హైవే మీద సైకిళ్లూ ఉంటాయి

సంపాదకుల వారికి,

చలికాలం వస్తే శని, ఆదివారాల్లో హెల్మెట్లు, రిఫ్లెక్టర్ జాకెట్లు వేసుకుని హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీదో, బెంగళూరు హైవే మీదో సైకిళ్లు తొక్కుకుంటూ పోయేవాళ్లు మీకు కనిపించే ఉంటారు. పెట్టిన గడువులోగా దూరం పూర్తిచేసే ఆ సైకిల్ ప్రయాణాన్ని బ్రెవే అంటారు. రేసు కాదు, బహుమతి ఉండదు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటలు గడువు. తిండి, నిద్ర, పంక్చర్ అన్నీ అందులోనే, మేం వచ్చినట్టు నమోదు చేసే కంట్రోల్ పాయింట్ల దగ్గర తప్ప దారిలో వెంట కారు పెట్టుకుని సాయం తీసుకోకూడదు.

అంత దూరం కాళ్లు ఎలా ఆడతాయని అందరూ అడుగుతారు. నెలల తరబడి సాధన చేస్తే కాళ్లు అలవాటు పడతాయండీ, నాకు భయమల్లా రాత్రి రోడ్డంటేనే. 400, 600 అంటే రాత్రి తొక్కక తప్పదు. షోల్డర్ మీద, అంటే రోడ్డు అంచున వదిలిన పట్టీ మీద, లైట్లు ఆర్పేసి ఆపిన లారీ దగ్గరికొచ్చేదాకా కనపడదు, దాన్ని తప్పించుకోవాలంటే వెనక బస్సులు దూసుకొచ్చే లైన్లోకి వెళ్లాలి. ఇంతలో రాంగ్ రూట్లో హైబీమ్ వేసుకుని బైకు ఎదురొస్తే ముందున్న గుంత కూడా తెలీదు. కోతలప్పుడు ఊళ్ల మీదుగా పోయే రోడ్ల మీద ఆరబోసిన వడ్లు, చుట్టూ రాళ్లు. అందుకు రైతును అనలేను, కల్లం లేక కదా రోడ్డెక్కుతున్నాడు, ఊరూరా కల్లాలు కట్టించాల్సింది ప్రభుత్వం. వడ్లు ఎత్తాక ఆ రాళ్లు మాత్రం తీసేయమని వేడుకుంటున్నా.

ఇంకో సంగతి ఎవరూ మాట్లాడరు. పెట్రోల్ బంకుల్లో నీళ్లు, గాలి, టాయిలెట్ ఉచితంగా ఉండాలని నిబంధన, రాత్రి వెళితే చాలాచోట్ల టాయిలెట్‌కి తాళం! మగవాళ్లం ఎలాగో సర్దుకుంటాం, ఆడవాళ్లు మాత్రం టాయిలెట్ దొరకదనే భయంతో నీళ్లు తాగడమే తగ్గించేస్తున్నారు. పగలంతా ఎండలో తొక్కి అలా చేస్తే కండరాలు పట్టేస్తాయి, కళ్లు తిరుగుతాయి. అర్ధరాత్రి అడక్కుండానే మంచం చూపించే ధాబా వాళ్లున్న దారిలో ఈ తాళాలు చూస్తే బాధేస్తుంది.

హైవే పెట్రోలింగ్ వాళ్లు షోల్డర్ మీద ఆగిన లారీలను రాత్రిళ్లు అక్కడినుంచి కదిలించాలి, ఆయిల్ కంపెనీలు ఆ తాళాలు తీయించాలి. తోటి రైడర్లకూ ఒక మాట, లైట్లు లేని లారీ కనపడితే తిట్టుకుంటూ పోకుండా జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేసి కిలోమీటరు రాయి నంబర్ చెప్పండి.

- ఒక సైకిల్ రైడర్, హైదరాబాద్