వార్షిక నివేదిక 2022–23: నాపోలి గెలిచిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

మామూలుగా మన తెలుగు సంఘం నివేదికలో ఉండేవి సంక్రాంతి, ఉగాది, చదువుకోడానికి కొత్తగా దిగిన పిల్లలకి గదులు వెతికిపెట్టడం. ఈసారి ఏది రాయబోయినా మధ్యలో ఫుట్‌బాల్ వచ్చి కూర్చుంటోంది. మనం కాపురముంటున్న ఇటలీ ఊరు నేపుల్స్‌లో, ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టు నాపోలి ధ్యాసలోనే ఏడాదంతా గడిచింది కాబట్టి దాన్నే ముందు పెడుతున్నాను.

సీజన్ మొదట్లో ఊళ్ళో పెద్దగా ఆశలు లేవు. జట్టులో పేరున్న ఆటగాళ్ళు ఇన్సీన్యే, కూలిబాలి, మెర్టెన్స్ ముగ్గురూ ఒకే వేసవిలో వెళ్ళిపోయారు. వాళ్ళ స్థానంలో వచ్చినవాళ్ళ పేర్లు పలకడానికే వారం పట్టింది: జార్జియా కుర్రాడు క్వారత్స్‌ఖేలియా, కొరియా డిఫెండర్ కిమ్ మిన్ జే. ఆగస్టు 15న పొద్దున మనం జెండా వందనం చేసుకున్నాం. ఆ సాయంత్రమే వెరోనాలో నాపోలి 5–2తో గెలిచింది. మన హాల్లో కలిసి మ్యాచ్ చూడటం అప్పుడే మొదలైంది.

ప్రపంచ కప్ కోసం ఇటలీ లీగ్ నవంబరు మధ్యలో ఆగి, జనవరి 4న మళ్ళీ మొదలైంది. ఆ రోజే ఇంటర్ జట్టు చేతిలో 1–0తో ఓడిపోయాం. (నాపోలిని 'మనం' అని రాసేస్తున్నాను. దిద్దాలని నాకూ లేదు.) జనవరి 13 రాత్రి, తెల్లారితే భోగి. ఆడవాళ్ళంతా హాల్లో ఒక పక్క అరిసెలు వత్తుతున్నారు. ఇంకో పక్క యువెంటస్‌తో మ్యాచ్. అంతకుముందు వరసగా ఎనిమిది లీగ్ మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వని యువెంటస్ మీద 5–1! మన ఆటగాడు ఒసిమెన్ తన రెండో గోల్ కొట్టేసరికి నూనె మూకుడు దగ్గర ఎవరూ లేరు. ఆ వాయి మాడిపోయింది.

మార్చి 22న ఉగాది పంచాంగ శ్రవణం. అప్పటికి రెండో స్థానంలో ఉన్న లాజియో మీద 19 పాయింట్ల ఆధిక్యం. శోభకృత్ నామ సంవత్సరంలో రాశిఫలాలతోపాటు నాపోలి ఫలం కూడా చెప్పమని పిల్లలు పట్టుబట్టారు. ఇక్కడి పెద్దవాళ్ళలాగే మన పెద్దవాళ్ళు కూడా "నోరు జారకండి, దిష్టి తగులుతుంది" అని ఆపేశారు. దిష్టి అనే మాట ఇక్కడ వివరించి చెప్పాల్సిన పనే లేదు. మనం గుమ్మానికి గుమ్మడికాయ కడితే, వీళ్ళు ఎర్రటి కొమ్ము బొమ్మని మెళ్ళోనో తాళాల గుత్తికో తగిలించుకుంటారు. బొమ్మల వీధి సాన్ గ్రెగోరియో అర్మేనోకి పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు, క్రిస్మస్ బొమ్మల పక్కనే అరచేతిలో పట్టేంత మారడోనా, ఒసిమెన్ బొమ్మలు కనిపించాయి. కొండపల్లి గుర్తొచ్చింది.

ఏప్రిల్ కష్టంగా గడిచింది. సొంత మైదానంలో మిలాన్ జట్టు చేతిలో 0–4, తర్వాత ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్లోనూ అదే మిలాన్ చేతిలో ఓటమి. 23న ట్యూరిన్‌లో యువెంటస్ మీద 93వ నిమిషంలో మన రస్పడోరి కొట్టిన గోల్‌తో ఊరు మళ్ళీ ఊపిరి పీల్చుకుంది. 30న సలెర్నితానా జట్టుని గెలిస్తే టైటిల్ మనదే. మన ఒలివేరా తలతో గోల్ కొట్టగానే పులిహోర గిన్నె మూతలు వాయించేశాం. 84వ నిమిషంలో వాళ్ళ డియా సమం చేశాడు. హాల్లో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

మే 4, గురువారం. ఆట ఉడినె ఊళ్ళో, టైటిల్‌కి డ్రా చాలు. ఇస్తామన్న హాలుకి ఆ రోజు తాళం వేసి ఉంది. ఫోన్ ఎత్తే నాథుడు లేడు. అందరం మా సందులోకి వచ్చేశాం. ఒకాయన తన టీవీని కిటికీ గట్టు మీద పెట్టి మా వైపు తిప్పాడు. లోవ్రిచ్ గోల్‌తో ఆ ఊరి జట్టు ఉడినెసె ముందుకెళ్ళింది. 52వ నిమిషంలో ఒసిమెన్ సమం చేశాడు. ఇక మిగిలిన టైమంతా టెన్షనే. మా కింది వాటా పెద్దావిడ 1987, 1990 గెలుపులు రెండూ ఈ సందులోనే చూసింది. విజిల్ మోగేదాకా ఆ పెద్దావిడ నా భార్య చెయ్యి వదల్లేదు. తర్వాత వదిలేసి కొంగు లాంటి ఏప్రన్‌తో ముఖం కప్పుకుంది. 33 ఏళ్ళ తర్వాత మూడో స్కుడెట్టో, అంటే ఇటలీ లీగ్ టైటిల్. ఆ రాత్రి మన గుమ్మాల్లోకి కూడా లిమొన్‌చెల్లో (నిమ్మ తొక్కలతో చేసే మద్యం) గ్లాసులు వచ్చాయి. ఇన్నేళ్ళుగా మెట్ల మీద పలకరింపులతో సరిపెట్టుకున్నవాళ్ళు లోపలికొచ్చి కూర్చున్నారు. ఈ ఏడాది సంఘం చేసిన అన్ని పనుల్లోకీ నాకు ఇదే పెద్దది.

అదే రాత్రి ఊళ్ళో కాల్పుల్లో ఒక కుర్రాడి ప్రాణం పోయింది. ఆ వార్త తెలిశాక, మిగిలిన సంబరాలకి పిల్లలు పెద్దవాళ్ళ తోడు లేకుండా వెళ్ళకూడదని కమిటీ నిర్ణయించింది.

జూన్ 4న సంప్‌డోరియాతో చివరి మ్యాచ్. కెప్టెన్ డి లొరెంజో కప్పు ఎత్తాడు. మొత్తం 90 పాయింట్లు, రెండో జట్టు కన్నా 16 ఎక్కువ. ఒసిమెన్ 26 గోల్స్‌తో లీగ్‌లో మొదటివాడు. సంప్‌డోరియా అప్పటికే కింది లీగ్‌కి పడిపోయింది. దాని తరఫున ఆడిన క్వాల్యరెల్లా ఈ పక్కనే కస్తెల్లమ్మారెలో పుట్టినవాడు. అతను కన్నీళ్ళతో మైదానం వీడుతుంటే స్టేడియం అంతా లేచి చప్పట్లు కొట్టింది. పై సీట్లలో మనవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు.

కోచ్ స్పల్లెట్టి వెళ్ళిపోయారు, రూడి గార్సియా వచ్చారు. ఆగస్టు 19న ఫ్రోసినోనేలో కొత్త సీజన్ తొలి మ్యాచ్. హాలు ఈసారి రాతపూర్వకంగా ఖాయం చేసుకోవాలని ప్రతిపాదిస్తున్నాను. చందా జులై నెలాఖరులోగా కోశాధికారికి అందజేయండి. వచ్చేటప్పుడు ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకోవాలి, కింది వాటా పెద్దావిడకి మాత్రం ఒకటి మనమే తేవాలి.

కార్యదర్శి