చోజుబాయి ఆర్డర్లు తీసుకోవడం లేదు

నర్సరీకి వచ్చి అడిగే వాళ్లకీ, వాట్సాప్‌లో ఫొటో పెట్టి "అన్నా, ఇది ఎప్పుడొస్తది?" అనే వాళ్లకీ అందరికీ ఒకటే జవాబు. అరచేతిలో పట్టే కుండీలో, ఆకు లేని కొమ్మల నిండా ఎర్రటి పూలతో కనిపించే ఆ జపాన్ బోన్సాయ్‌ని మేం అమ్మడం లేదు. దాని పేరు చోజుబాయి. యాపిల్, బేరి కుటుంబానికి చెందిన పూల క్విన్స్ అనే పొదలో పొట్టి రకం. అడ్వాన్స్ ఇచ్చిన వాళ్ల డబ్బు ఈ వారంలోనే తిరిగి వేస్తాం.

తెప్పించలేక కాదు. దిగుమతి పర్మిట్, మొక్కకి తెగుళ్లు, పురుగులు లేవని అవతలి దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉంటే తెప్పించుకోవచ్చు, 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్‌లో అంతా రాసి ఉంది. ఆ ఖర్చంతా ధరలో కలిపి మీకు అంటగట్టడం కూడా కష్టం కాదు. టెన్షన్ అంతా మొక్క మీ ఇంటికి చేరాకే. ఈ మొక్కకి చలికాలం ఆకు రాల్చి పడుకునే అలవాటు. వారాల తరబడి చల్లగా ఉంటేనే మొగ్గ బలంగా వస్తుంది. హన్మకొండలో జనవరి రాత్రులు నాలుగు రోజులు వణికిస్తాయి, అంతే. ఆ తర్వాత మే నెల ఎండ 44 డిగ్రీలు దాటుతుంది, డాబా మీద చిన్న కుండీలో మట్టి ఇంకా వేడెక్కుతుంది. అసలే నిదానంగా పెరిగే మొక్క, కాండం లావెక్కాలంటే ఏళ్లు పడుతుంది. వేళ్లకి క్రౌన్ గాల్ అనే గడ్డల తెగులు కూడా తొందరగా పడుతుంది. అందుకే జపాన్ వాళ్లు దీని కుండీ మార్చే పని ఎక్కువగా వసంతంలో కాకుండా శరదృతువులో పెట్టుకుంటారు. సిమ్లాలోనో కశ్మీర్‌లోనో ఉంటే నేనే అమ్మేవాణ్ని.

ఆన్‌లైన్‌లో 'బోన్సాయ్ విత్తనాలు' అని వచ్చే ప్యాకెట్ల గురించి కూడా అడుగుతున్నారు. అలాంటి విత్తనం ఉండదు. ఏ విత్తనం వేసినా మామూలు చెట్టే వస్తుంది, దాన్ని కుండీలో అదుపు చేసి పెంచితేనే బోన్సాయ్. చోజుబాయిని అయితే కటింగ్‌లతోనే, అంటే కొమ్మ ముక్కలు నాటి పెంచుతారు.

దాని బదులు మేం తెచ్చింది పొట్టి దానిమ్మ. క్విన్స్‌కి చుట్టం కాదు, కానీ ఎర్ర పువ్వు, చిన్న ఆకు కావాలనుకునే వాళ్లకి మన ఎండలో ఇంతకంటే మంచిది నాకు కనబడలేదు. మందపాటి ఎర్రని పుష్పకోశం నోరు తెరిచాక లోపలి రేకులు నలిగిన పట్టుగుడ్డలా బయటికొస్తాయి. తర్వాత నిమ్మకాయంత కాయ కాస్తుంది, చూడడానికే, తినడానికి కాదు. ముదిరేకొద్దీ కాండం దానంతట అదే మెలి తిరుగుతుంది.

ఆకారం కోసం లోహపు తీగ చుట్టేది లేత కొమ్మకే, ముదిరిన కొమ్మ వంచితే పుటుక్కున విరుగుతుంది. పువ్వు కొత్త చిగురు కొసన వస్తుంది కాబట్టి రోజూ కత్తెర పట్టుకుంటే పువ్వు చూడరు. మట్టి ఒకరోజు ఎండబెట్టి మరుసటి రోజు ముంచెత్తితే మొగ్గలు రాలతాయి. మేం జల్లెడ పట్టిన ఎర్రమట్టి, ఇటుక ముక్కలు, కొంచెం మాగిన పశువుల ఎరువు కలుపుతాం. నల్లరేగడి వాడకండి, నీళ్లు పోవు. ఎండాకాలం పైపుతో పోసేటప్పుడు మొదట కాసేపు నీళ్లు కింద వదిలేయండి, ఎండలో పడున్న పైపులోని నీళ్లు చెయ్యి కాల్చేంత వేడిగా ఉంటాయి.

కుండీలో కుదురుకున్నవి దసరా నుంచి అమ్ముతాం. లేత మొక్క కావాలంటే ఇప్పుడే తక్కువ ధరకి ఇస్తాం, కొన్నవాళ్లకి మొదటిసారి కుండీ మార్చడం ఉచితం. కరీంనగర్, మంచిర్యాల వాళ్లకి ఆర్టీసీ కార్గోలో పంపుతాం కానీ ఏప్రిల్, మే నెలల్లో పంపం. ఆదివారం మధ్యాహ్నం మూసి ఉంటుంది, పొద్దున్నే రండి.