తుపాను రోజుల్లో ఫ్రీజర్ తలుపు తెరవకండి

సంపాదకులకు నమస్కారం.

అక్టోబరు వస్తే బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగువాళ్ళకు తుపాను బెంగ పట్టుకుంటుంది. 2013లో ఫైలిన్ తుపాను మన గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ గజపతి జిల్లాను ఊడ్చేసింది. కొవ్వొత్తులు, బియ్యం, మందులు సర్దుకోమని అందరూ చెబుతారు. ఫ్రీజర్లో దాచిన చేపల మాట మాత్రం ఎవరూ ఎత్తరు. హెచ్చరికలతో పాటు ఈ సంగతులు కూడా మీ పత్రికలో వేయండి.

ఫ్రీజర్లో మైనస్ 18 డిగ్రీల చలి ఉండాలి. నిండా సరుకున్న ఫ్రీజర్, తలుపు తీయకపోతే, కరెంటు పోయాక కూడా సుమారు 48 గంటలు చలిని నిలుపుకుంటుంది. సగమే ఉంటే 24 గంటలు. ఖాళీ చోట ఉండేది గాలి, అది చలిని పట్టి ఉంచలేదు. ఐసు అలా కాదు, కిలో ఐసు కరగాలంటే 80 కిలోకేలరీల వేడి పీల్చుకోవాలి. అందుకే తుపాను కబురు వినగానే, కనీసం ఒక రోజు ముందు, ఖాళీలన్నీ నీళ్ళ సీసాలతో నింపండి. సీసా మూతి దగ్గర మూడు వేళ్ళ జాగా వదలాలి. నీరు గడ్డకడితే నూటికి తొమ్మిది వంతులు ఉబ్బుతుంది, నిండా పోస్తే సీసా పగులుతుంది.

ఇల్లు వదిలి వెళ్ళాల్సి వస్తే గ్లాసుడు నీళ్ళు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ళ పెట్టి ఫ్రీజర్లోనే ఉంచండి. తిరిగొచ్చేసరికి బిళ్ళ అడుగున ఉంటే సరుకంతా ఒకసారి కరిగి మళ్ళీ గట్టిపడిందన్నమాట. చూడటానికి రాయిలా ఉన్నా పారేయాల్సిందే. ఫ్రీజర్ సూక్ష్మజీవుల్ని నిద్రపుచ్చుతుంది, చంపదు.

కానాగంత చేపలతో మరీ జాగ్రత్త. చలి తగ్గితే వాటిలో హిస్టమిన్ అనే హానికర పదార్థం పుడుతుంది. ముక్కుకు తెలియదు, ఎంత మరిగించినా పోదు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడుతుంది, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. వాసన బాగానే ఉందిగా అని పులుసు పెట్టేయడం చాలా ప్రమాదం. ముక్కలో ఇంకా ఐసు పలుకులు తగులుతుంటే మళ్ళీ గడ్డకట్టించవచ్చు, రుచి తగ్గుతుందంతే. నాలుగు డిగ్రీలు దాటి రెండు గంటలైతే మాత్రం మొహమాటపడకండి, పారేయండి.

కరెంటు పోగానే ప్లగ్గు తీసేయండి. వచ్చాక వోల్టేజి నిలకడగా ఉందని చూసుకుని, ఐదు నిమిషాలాగి పెట్టండి. లేదంటే కంప్రెసర్ లోపలి తీగచుట్ట (వైండింగ్) కాలిపోవచ్చు.

ఇట్లు,
ఒక ఫ్రిజ్ మెకానిక్,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా