సామాన్ల లిస్టుతో పాటు మనసు సంగతి కూడా వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఏటా అక్టోబరులో, ఈశాన్య రుతుపవనాల ముందు, టార్చిలైటు, తాగునీళ్లు, మందులు దగ్గర పెట్టుకోమని మీ పేపర్లో ఒక లిస్టు వేస్తారు. మంచిదే, నేనూ కత్తిరించి దాచుకున్నాను. కానీ అవన్నీ పోగేసే మనిషి లోపల ఏం జరుగుతుందో ఎవరూ రాయడం లేదు, అందుకే ఈ ఉత్తరం.

మాది నెల్లూరు, చెన్నై వేళచ్చేరిలో కాపురం. 2015 డిసెంబరు 1 రాత్రి గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నాం. తలుపు కింద నుంచి నీళ్లొస్తుంటే పాత చీరలు అడ్డం పెట్టాను, కాసేపటికే మోకాళ్ల దాకా వచ్చేశాయి. అత్తయ్యని పై వాటా వాళ్లింటికి ఎక్కించి కిందికి వచ్చేసరికి ఫ్రిజ్ ఒరిగిపోయి నీళ్ల మీద తేలుతోంది. ఆవిడ ఇన్సులిన్ అందులోనే ఉంది. కరెంటు లేదు, ఫోన్లు పనిచేయవు, అర లీటరు పాల ప్యాకెట్ వంద రూపాయలు పెట్టి కొన్నాం. మూడో రోజు మా వారు నడుము లోతు నీళ్లలో వెళ్లి ఇన్సులిన్ తెచ్చారు. అత్తయ్యకి ఏమీ కాలేదు, నాకే ఏదో అయింది.

తర్వాత అదే వీధిలో రెండో అంతస్తుకి మారాం. మరుసటి ఏడు వర్దా తుఫాను. 2019లో చెన్నైకి నీళ్లిచ్చే చెరువులు పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం నాలుగూ ఎండిపోయి జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు. ఆ పైన లాక్‌డౌన్. మంచం కింద బియ్యం, అటుకులు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఇరవై లీటర్ల క్యాన్లు ఆరు. నలుగురం, మనిషికి రోజుకి మూడు లీటర్లు, అంటే పది రోజులు వస్తాయి, ఈ లెక్క రాత్రి రెండింటికి లేచి మళ్లీ మళ్లీ వేసుకునేదాన్ని. ఎంత ఉన్నా చాలదనిపించేది. "ఎందుకే ఇంత టెన్షన్" అని మా వారంటే ఒళ్లు మండిపోయేది. ఎవరైనా ఇంటికొస్తే దుప్పటి నేల దాకా లాగేదాన్ని, చూసి నవ్వుతారని కొంత, రేపు అడుగుతారని కొంత.

ఒకరోజు ఉరుములు మొదలవగానే మా ఎనిమిదేళ్ల వాడు బిస్కెట్ ప్యాకెట్ దిండు కింద దాచుకోవడం చూశాను. నా భయం వాడికి అంటించానని అప్పుడు అర్థమైంది. డాక్టరు దగ్గరికి వెళితే, వరద చూసినవాళ్లలో చాలామందికి ఇలా అవుతుంది, దాచిపెట్టకుండా మాట్లాడమన్నారు. వాడుతున్న ఇన్సులిన్ సీసా ఫ్రిజ్ లేకపోయినా, వేడి తగలకుండా చూస్తే, మామూలుగా నాలుగు వారాల దాకా పనికొస్తుందని కూడా ఆయనే చెప్పారు. ఆ ఒక్క మాట ఇచ్చిన ధైర్యం ఆరు క్యాన్లూ ఇవ్వలేదు. మట్టికుండ మీద తడిగుడ్డ కప్పి, లోపల సీసా నీళ్లు తగలకుండా డబ్బాలో పెట్టడం అప్పుడే నేర్చుకున్నాను.

2023 డిసెంబరు 4, మిచౌంగ్ తుఫాను. వీధంతా మళ్లీ నీళ్లు. కింది ఇంటి తమిళ కుటుంబం చంటిబిడ్డతో వచ్చి మా తలుపు కొట్టింది. గడియ మీద చెయ్యి వేసి ఆగిపోయాను, ఎనిమిది మందైతే పది రోజుల నీళ్లు ఐదు రోజులకే అయిపోతాయి కదా అని. 2015లో పై వాటా వాళ్లు నన్ను ఒక్క మాట అడగకుండా తలుపు తీశారు! నేను ఆగిన ఆ కాసేపు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తలుపు తీశాను. మంచం కింద సామానంతా హాల్లోకి లాగేశాను. మూడు రాత్రులు ఉన్నారు, మొదటి రాత్రే, బయట అంత గాలివానలో, నాకు నిద్ర పట్టింది.

ఇప్పుడు మా బిల్డింగ్‌లో ఎవరింట్లో తాడు ఉంది, ఎవరింట్లో చిన్న గ్యాస్ స్టవ్ ఉంది, ఏ పెద్దవాళ్లకి ఏ మందు కావాలి అన్నది అందరికీ తెలుసు. నేనింకా నీళ్లు నిలవ పెడుతూనే ఉన్నాను, అది మానను. రాత్రిళ్లు లెక్కపెట్టడం మాత్రం మానేశాను.

ప్రభుత్వం వాళ్ల టెలీ మానస్ నంబరు ఒకటుంది, 14416, ఫోన్ చేస్తే మనసు బాగోలేని వాళ్లతో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఈ అక్టోబరు లిస్టులో టార్చిలైటు పక్కన ఆ నంబరు కూడా వేయండి.

ఒక పాఠకురాలు,
వేళచ్చేరి, చెన్నై