అవతార్‌లో అసలు విలన్ ఆ కల్నల్ కాదురా

ఒరేయ్ శీనూ,

నిన్న ఫోన్‌లో అవతార్‌ని "నీలం రంగు పూసిన పాత కథ" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఈ ట్రాఫిక్ గోలలో జవాబు చెప్పడం కుదరక రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

కథ పాతదే, కాదనను. కానీ అందరిలాగే నువ్వూ ఆ గాట్ల మొహం కల్నల్‌ని చూసి వదిలేశావు. పండోరా అనే వేరే లోకంలో ఖనిజం తవ్వే కంపెనీ మేనేజరు సెల్ఫ్‌రిడ్జ్‌ని చూడు, ఆఫీసులో గోల్ఫ్ బంతి కొట్టుకుంటూ ఉంటాడు. ఇంత చిన్న బూడిదరంగు రాయి పట్టుకుని, ఇది కిలో రెండు కోట్ల డాలర్లు, మనం ఇక్కడికొచ్చింది దీనికోసమే అంటాడు. అక్కడి నావీ జనాన్ని చంపితే పేరు చెడుతుందిట, కానీ మూడు నెలల లెక్కలు బాగా లేకపోతే వాటాదార్లకి ఇంకా కోపమొస్తుందిట! వాడికి ఎవరిమీదా పగ లేదురా, అదీ భయం పుట్టించేది.

నేను రోజూ చెన్నైలో రైల్లో ఫోర్ట్ స్టేషన్ మీదుగానే కదా ఆఫీసుకెళ్లేది. ఆ సెయింట్ జార్జి కోట కూడా కాగితంతోనే మొదలైంది. 1639లో ఫ్రాన్సిస్ డే అనే ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి మన దామెర్ల నాయకుల దగ్గర కౌలు రాయించుకున్నాడు, కోట కట్టుకోవచ్చు, నాణేలు ముద్రించుకోవచ్చు అని. అదే కంపెనీకి 1765కల్లా బెంగాల్, బీహార్, ఒరిస్సాల్లో శిస్తు వసూలు చేసుకునే హక్కు, దాని వెనక సొంత సైన్యం. కాబట్టి పండోరాలో కంపెనీకి తుపాకులేమిటని నవ్వకు, మనకది తెలిసిన సంగతే.

అయితే ఈ సినిమాలన్నిటిలో నాకు కనపడని మనిషి ఒకడున్నాడు, దుబాసీ, అంటే తెల్లవాళ్లకి మాట తర్జుమా చేసి బేరాలు కుదిర్చే మనవాడు. డేకి బేరమాడి పెట్టిన బేరి తిమ్మప్ప తెలుగువాడే, ఆ తర్వాత అలాంటి వాళ్లు చాలామందే వచ్చారు, కంపెనీతో పాటు వాళ్లూ బాగుపడ్డారు. పండోరాలో మాత్రం నావీలంతా ఒక్కటే కట్టు. నాలుగు రాళ్లు వెనకేసుకునే నావీ ఒక్కడూ లేడా? మనకి అది మింగుడుపడని విషయం గానీ, చూపిస్తే కథ ఎంత చిక్కబడేదో!

అందుకే నాకు డిస్ట్రిక్ట్ 9 అంటే ఎక్కువ ఇష్టం. అదీ 2009లోనే వచ్చింది, కాకపోతే జొహానెస్‌బర్గ్‌లో జరుగుతుంది. మామగారి చలవతో ప్రమోషన్ కొట్టిన గుమాస్తా వికస్, మురికివాడలో గ్రహాంతరవాసుల తలుపులు తట్టి, ఖాళీ చేసి పొమ్మనే నోటీసు మీద సంతకాలు అడుగుతుంటాడు. కెమెరా ముందు ఇకిలిస్తూ! వెనకాల తుపాకులు పట్టుకున్న వాళ్లుంటే సంతకం దేనికి చెప్పు? కానీ కావాలి, కాగితం సరిగ్గా ఉండాలి. 1966లో కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్‌ని తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించి అరవై వేల మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు, ఆ పేరు ఊరికే పెట్టలేదు.

స్టార్ వార్స్ జోలికి పోను. అందులో సామ్రాజ్యం అంటే నల్ల ముసుగూ, మంచి మ్యూజిక్కూ, అంతే.

డ్యూన్ సంగతి వేరు. చక్రవర్తి ఒక గ్రహాన్నే ఎనభై ఏళ్లు తవ్వుకున్న వాళ్ల చేతిలోంచి లాగి ఇంకొకరికి ఇచ్చేస్తాడు, గుత్త మార్చినట్టు. అక్కడున్న ఫ్రెమెన్‌ని ఒక్కరూ అడగరు. బయటినుంచి వచ్చిన కుర్రాడు వాళ్లకి నాయకుడవుతాడు, అవతార్‌లోలాగే, కానీ 2024లో వచ్చిన రెండో భాగం చివరికి వాడే చక్రవర్తి గద్దె ఎక్కుతాడు. వాడు ప్రేమించిన ఫ్రెమెన్ పిల్ల చానీ ముఖం తిప్పుకుని వెళ్లిపోతుంది. భలే చేశారు.

నువ్వు నర్సీపట్నం వాడివి గనక అడుగుతున్నా. బయటివాడు వచ్చి కొండవాళ్లకి నాయకుడవడం అనగానే తెల్లవాళ్ల గొప్ప అని మనం ఎగతాళి చేస్తాం, మరి అల్లూరి కూడా మన్యానికి బయటివాడే కదా? తేడా ఉంది, నాకు తెలుసు, ఆయన తెల్లదొరల వైపునుంచి రాలేదు. కానీ ఆయన వెంట పోరాడిన మన్యంవాళ్లు గాం గంటందొర, మల్లుదొర ఆయన రాకముందే కడుపుమండి ఉన్నారు. పోడు కొట్టనివ్వని అడవి చట్టం 1882 నాటిది, పైన నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు పనిలో కూలి ఎగ్గొట్టిన డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ ఒకడు. గంటందొరకి సామ్రాజ్యం అంటే ఆ తహశీల్దారే. వాణ్ణి సరిగ్గా రాసుకుంటే సెల్ఫ్‌రిడ్జ్‌ని మించిన పాత్ర అయ్యేవాడు.

సరే, ముందు డిస్ట్రిక్ట్ 9 చూడు, అన్నం తింటూ మాత్రం చూడకు, మధ్యలో గోళ్లు ఊడిపోయే సీనుంది. చూశాక ఫోన్ చెయ్, గంటందొర మాట అప్పుడు తేల్చుకుందాం.

నీ
రవి